20 సెంట్ల పెరటికి కంచె: లక్షన్నరలో ఏది వేస్తే నిలబడుతుంది?

మీరు అడిగింది ఇదీ. గుంటూరు వైపు పల్లెలో ఇల్లూ పెరడూ కలిపి 20 సెంట్లు, నేల నల్లరేగడి. ఇన్నాళ్లూ తాటిమట్టల దడి ఉండేది, ఏటేటా కట్టించడం ఇక మీవల్ల కావట్లేదు. పందులు, కుక్కలు, పక్కవాళ్ల గేదెలు లోపలికి రాకూడదు. చేతిలో లక్షన్నర ఉంది. ముళ్ల తీగ వేయాలా, చైన్‌లింక్ జాలీనా (తీగలు అల్లిన వల), రెడీమేడ్ సిమెంటు పలకల గోడా, ఇటుక గోడా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. 8 అడుగుల స్తంభాలు, 5 అడుగుల చైన్‌లింక్ జాలీ (తీగ మందం 10 గేజి, కన్ను 3 అంగుళాలు), కింద నేల వెంట సన్నటి కాంక్రీట్ బెడ్ (పట్టీ), పైన ఒక్క వరస ముళ్ల తీగ. మీ స్థలానికి గేటుతో కలిపి లక్షన్నరకు అటూ ఇటూగా అవుతుంది. ముళ్ల తీగ ఒక్కటే అయితే దాదాపు 80 వేలతో పోతుంది కానీ పందినీ కుక్కనూ ఆపదు. పలకల గోడ రెండు లక్షలు దాటుతుంది. ఇటుక లేదా బ్లాకు గోడ నాలుగున్నర లక్షల మాట, పైగా నల్లరేగడిలో దానికి పునాది సరిగ్గా పడాలి. లక్షన్నరతో గోడ మొదలుపెడితే పునాదిలో కోత పెడతారు, ఆ గోడ మూడో వానాకాలానికి పగులుతుంది. అంతకంటే గట్టి జాలీ మేలు.

ఇప్పుడు లెక్క ఎలా వచ్చిందో చూద్దాం. మేస్త్రి కాగితం మీద రాసిచ్చే మొత్తం మీద నమ్మకం పెట్టుకోకుండా మీరే వేసుకోగలగాలి.

సెంట్లు కాదు, చుట్టుకొలత కావాలి

కంచె ఖర్చు విస్తీర్ణాన్ని బట్టి ఉండదు, చుట్టూ ఎన్ని అడుగులు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 20 సెంట్లు అంటే 968 గజాలు, 8,712 చదరపు అడుగులు. సర్వేవాళ్ల గొలుసు పొడవు 66 అడుగులు. ఒక గొలుసు వెడల్పు, రెండు గొలుసుల పొడవు ఉన్న స్థలం (66 × 132) సరిగ్గా 20 సెంట్లు, చుట్టుకొలత 396 అడుగులు. అదే 20 సెంట్లు 33 అడుగుల వెడల్పుతో సన్నగా పొడుగ్గా ఉంటే చుట్టుకొలత 594 అడుగులు. కంచె ఖర్చు సగం పెరిగినట్టే. మీరు కొలతలు రాయలేదు కాబట్టి 66 × 132 అనుకుని చెబుతున్నాను. 12 అడుగుల గేటు తీసేస్తే కంచె 384 అడుగులు.

టేపు పట్టే ముందు హద్దు తేల్చుకోండి. సర్వే నంబరున్న భూమి అయితే ఎఫ్‌-లైన్‌కు (హద్దులు కొలిచి చూపమని) అర్జీ పెట్టుకుని, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం సర్వేయరు చేత రాళ్లు వేయించుకోవాలి. గ్రామకంఠంలోని ఇంటి స్థలానికి విడిగా సబ్‌డివిజన్ ఉండకపోవచ్చు. అప్పుడు దస్తావేజులోని హద్దులు, కొలతలే ఆధారం. ఏది ఆధారమైనా సరే, నాలుగు పక్కల వాళ్లనూ పిలిచి, వాళ్ల ఎదుటే ముగ్గు పోయండి. జాలీ అంతా లాగేశాక అడుగు జరపమంటే ఒక వైపు మొత్తం విప్పి మళ్లీ గుంతలు తీయాల్సిందే. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, సరుకు దగ్గర కాదు. స్తంభం, దాని చుట్టూ పోసే కాంక్రీటు రెండూ మీ హద్దు లోపలే ఉండేలా దారం 6 అంగుళాలు లోపలికి కట్టుకోండి. పక్కవాళ్లు సగం ఖర్చు పెట్టుకుంటామంటే హద్దు మీదే వేసుకోవచ్చు, కానీ ఆ మాట కాగితం మీద ఉండాలి.

స్థలం నిజంగా దీర్ఘచతురస్రంగా ఉందో లేదో చూడటానికి మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టండి. 66 × 132కు రెండూ 147 అడుగుల 7 అంగుళాలు రావాలి. తేడా వస్తే మూలలు సరిగ్గా లేవన్నమాట. వంకర స్థలమైనా కంచె వేయొచ్చు, కాకపోతే ముందే తెలియాలి.

నేను చెప్పిన దానికి బిల్లు

ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి. కింద వేసినవి లెక్క నడవడానికి పెట్టుకున్న ధరలు. మీ ఊళ్లో ముగ్గురిని అడిగి, వాళ్లు చెప్పిన ధర పెట్టి గుణించండి. పరిమాణాలు మాత్రం మారవు.

స్తంభాల లెక్క ఇలా. 8 అడుగులకు ఒకటి చొప్పున 132 అడుగుల వైపు ఒక్కోదానికి 17 గళ్లు (గడి అంటే రెండు స్తంభాల మధ్య జాగా, ఒక్కోటి 7 అడుగుల 9 అంగుళాలు), వెనక 66 అడుగులకు 8 గళ్లు, ముందు గేటు పోగా మిగిలిన 54 అడుగులకు 7 గళ్లు. మొత్తం 49 గళ్లు. గేటు దిమ్మెలు రెండూ విడిగా కడతాం కాబట్టి స్తంభాలు 48. ఏటవాలుగా ఆనించే సపోర్టులు మూలకు రెండు చొప్పున 8, పొడుగు వైపుల మధ్యలో రెండేసి చొప్పున 4. అన్నీ కలిపి 60. దారిలో విరిగేవాటికి మరో 3.

- స్తంభాలు 63, ఒక్కోటి 450 చొప్పున 28,350
- జాలీ 384 × 5 = 1,920 చదరపు అడుగులు, దాదాపు 317 కిలోలు, కిలో 95 చొప్పున 30,115
- లైన్ వైరు (జాలీని పట్టి ఉంచే అడ్డ తీగ) 8 గేజి, మూడు వరసలకు 36 కిలోలు, 3,420
- ముళ్ల తీగ ఒక వరస, 12 కిలోలు, 1,140
- కట్టుతీగ, జాలీ చివర్లకు ఫ్లాట్ ముక్కలు, 1,200
- సిమెంటు 25 బస్తాలు, 350 చొప్పున 8,750
- ఇసుక ట్రాలీన్నర, కంకర రెండు ట్రాలీలు (ట్రాలీ 100 ఘనపుటడుగులు), 13,000
- కూలి, బెడ్‌తో కలిపి అడుగుకు 65, మొత్తం 24,960
- స్తంభాల రవాణా, దింపుడు 6,000
- గేటు, రెండు దిమ్మెలు 22,400

మొత్తం 1,39,335. దీనికి పది శాతం పక్కన పెట్టుకోండి, లక్షా 53 వేలు. గేటు తీసేసి చూస్తే అడుగుకు 300 పడింది. కంట్రాక్టరు అడుగుకు ఎంతో ఒక్క మాటలో చెప్పినప్పుడు దాన్ని ఈ 300తో పోల్చి, అందులో బెడ్, సపోర్టులు ఉన్నాయో లేవో అడగండి. తక్కువ చెప్పేవాళ్ల లెక్కలో సాధారణంగా ఈ రెండూ ఉండవు.

తగ్గించుకోవాలంటే ఎక్కడ తగ్గించాలి? స్తంభాల దూరం అన్ని వైపులా 10 అడుగులు చేస్తే పది స్తంభాలు తగ్గుతాయి, స్తంభాల ఖరీదులోనే నాలుగున్నర వేలు మిగులుతుంది. గేదెలు ఒళ్లు రుద్దుకునే వైపు వద్దు, వెనక వైపు చేసుకోవచ్చు. గేటు వెడల్పు 12 నుంచి 10 చేయొచ్చు, కానీ ట్రాక్టరు ట్రాలీ మలుపు తిరిగి రావాలంటే 12 ఉండాలి. జాలీని 12 గేజికి దించితే వంద కిలోల పైన తగ్గుతుంది, పది వేలు మిగులుతాయి. ఈ కోత మాత్రం పెట్టకండి. 10 గేజి తీగ మందం 3.25 మిల్లీమీటర్లు, 12 గేజిది 2.64. చూపుకు తేడా తెలియదు. ఇనుము మాత్రం మూడో వంతు తక్కువ. పంది మూతి పెట్టి ఎత్తితే ఆ కన్ను సాగిపోయి మళ్లీ సరిగ్గా రాదు.

జాలీ కొనేటప్పుడు మోసం ఎక్కడ

జాలీని కిలోల లెక్కనా అమ్ముతారు, అడుగుల లెక్కనా అమ్ముతారు. అడుగు లెక్కన చవగ్గా చెప్పారంటే తీగ సన్నది అయి ఉండాలి, లేదా కన్ను పెద్దది అయి ఉండాలి. గేజీ అని నోటితో చెప్పినదాన్ని నమ్మొద్దు, తూకం వేయించండి. 5 అడుగుల ఎత్తు, 50 అడుగుల పొడవు, 3 అంగుళాల కన్నున్న చుట్ట 10 గేజి అయితే 41 కిలోలకు దగ్గరగా తూగుతుంది. 11 గేజి అయితే 34. 12 గేజి అయితే 27. ఈ మూడు అంకెలూ ఫోనులో రాసుకుని వెళ్లండి. కన్ను కొలిచేటప్పుడు మూల నుంచి మూలకు కాదు, ఎదురెదురు తీగల మధ్య అడ్డంగా కొలవాలి. చుట్ట లాగి వదులు చేసి పొడవు పెంచి చూపిస్తారు, అందుకే పొడవూ, కన్నూ, బరువూ మూడూ కలిపి చూడాలి.

తర్వాత జింకు పూత. తీగ మీద ఎన్ని గ్రాముల జింకు ఉందో దాన్ని బట్టే తుప్పు ఎప్పుడు పడుతుందో ఉంటుంది. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని దుకాణంలో అడగండి. మెరుపు చూసి మోసపోవద్దు, పలచటి పూత కూడా కొత్తలో తళతళలాడుతుంది. చిన్న ముక్క కత్తిరించి, దాన్ని దాని చుట్టూనే బిగుతుగా మెలిపెట్టండి. పూత పొలుసుల్లా ఊడి, గోటితో గీకితే రాలిపోతుంటే ఆ సరుకు వదిలేయండి. చైన్‌లింక్‌కు ఐఎస్ 2721, ముళ్ల తీగకు ఐఎస్ 278 అని బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణాలున్నాయి. బిల్లు మీద ఆ నంబరు, గేజి, బరువు రాయించుకోండి.

ఆకుపచ్చ పీవీసీ పూత జాలీ చూడ్డానికి బాగుంటుంది. అందులో గేజి చెప్పేటప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్‌తో కలిపిన మందం చెబుతారు. లోపలి తీగ ఎంతో విడిగా అడగాలి. బయట 10 గేజి అన్నది లోపల 12, 13 ఉండొచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉప్పుగాలికి పీవీసీ పూత పనికొస్తుంది. మీకు అక్కర్లేదు.

స్తంభాలు: సిమెంటువా, రాతివా

రాయలసీమలో, తెలంగాణలో రాతి కడీలు దగ్గర్లోనే దొరుకుతాయి కాబట్టి అక్కడ వేరే ఆలోచన అక్కర్లేదు. తుప్పు లేదు, చెద లేదు. మీ వైపు దూరం నుంచి రావాల్సి వస్తే, లారీ కిరాయి కలిపి చూస్తే సిమెంటు స్తంభమే చవక. రాతి కడీకి ఒకే ఒక్క బలహీనత, పక్క నుంచి గట్టి దెబ్బ తగిలితే సగానికి విరుగుతుంది. లోపల కమ్మీ ఉండదు కదా.

సిమెంటు స్తంభం కొనేటప్పుడు యార్డులో విరిగి పడిన ముక్కను ఒకటి అడిగి చూడండి. నాలుగు మూలల్లో నాలుగు కమ్మీలు ఉండాలి. అవి అంచుకు ఆనుకుని కాకుండా చుట్టూ కనీసం ముప్పావు అంగుళం కాంక్రీటుతో కప్పి ఉండాలి. కమ్మీ బయటికి కనిపిస్తే రెండు మూడేళ్లలో తుప్పుపట్టి, ఉబ్బి, స్తంభాన్ని నిలువునా చీలుస్తుంది. పోసి మూడు వారాలు కానివి తీసుకోవద్దు. తడి ముదురు రంగు ఇంకా పోలేదంటే అవి కొత్తవే. తీగ దూర్చే రంధ్రాలు ఎక్కడెక్కడ కావాలో ముందే చెప్పి పోయించుకుంటే పని సగం తేలిక.

ఇనుప యాంగిల్ పెట్టుకుంటారా అంటే, 50 × 50 × 6 మిల్లీమీటర్ల యాంగిల్ మీటరుకు 4.5 కిలోలు. 8 అడుగుల ముక్క 11 కిలోలు. సిమెంటు స్తంభం కంటే ఖరీదు ఎక్కువ, పైగా నేల దగ్గర, కాంక్రీటు నుంచి బయటికొచ్చే చోట మొదట తుప్పు పట్టేది అదే. చోటు తక్కువున్న పట్నం ప్లాట్లకు అది సరే.

నల్లరేగడిలో గుంత

మీ నేలలో అసలు సమస్య ఇది. ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. స్తంభం ఆ ఉబ్బుతో కలిసి కదులుతుంది. పూర్తిగా ఆపలేం, తగ్గించగలం.

గుంత అడుగు చదరం, రెండున్నర అడుగుల లోతు. అడుగున 6 అంగుళాలు ఇసుక పోసి తడిపి కూరండి. దాని మీద స్తంభం నిలబెట్టి, రెండు అడుగులు కాంక్రీటు 1:3:6 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర). ఒక బస్తా సిమెంటు ఐదు గుంతలకు సరిపోతుంది. పనివాళ్లు ఎనిమిది, పది గుంతలకు లాగుతున్నారంటే సిమెంటు తగ్గించి కలిపారన్నమాట, అక్కడే ఉండి చూసుకోవాలి.

గుంత గోడలు పై నుంచి కిందికి నిటారుగా ఉండాలి. గునపంతో తవ్వితే పైన వెడల్పుగా, కింద సన్నగా గరాటులా తయారవుతుంది. అందులో కాంక్రీటు పోస్తే పైన పుట్టగొడుగులా టోపీ ఏర్పడుతుంది. వానకు ఉబ్బిన మన్ను ఆ టోపీ అంచును పట్టుకుని స్తంభాన్ని పైకి నెడుతుంది. రెండేళ్లకు స్తంభాలన్నీ తలో ఎత్తులో ఉండే కంచెలు ఇలా తయారైనవే. మూల స్తంభాలకు గుంత ఇంకో అర అడుగు లోతు చేయండి.

కాలం కూడా ముఖ్యమే. నడి వేసవిలో నెర్రెల మీద గుంత తీస్తే అంచులు పెళ్లలుగా ఊడిపోతాయి, తొలకరికి నేల మూసుకుంటూ స్తంభాన్ని ఒక పక్కకు తోస్తుంది. సంక్రాంతికి అటూ ఇటూ, నేలలో పదును ఉండగా వేయించండి.

కాంక్రీటు పోశాక వారం రోజులు నీళ్లు పట్టాలి. ఆ వారం జాలీ లాగకూడదు. కూలీలకు ఒకేసారి పని పూర్తి చేసుకుని పోవాలని ఉంటుంది, మర్నాడే లాగేస్తామంటారు. పచ్చి కాంక్రీటులో స్తంభం కొంచెం కదిలినా చుట్టూ వెంట్రుకవాసి సందు పడుతుంది, ఆ తర్వాత అది ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది. రెండు విడతలుగా వచ్చేట్టు ముందే మాట్లాడుకోండి.

మూల ఒరిగితే అంతా ఒరుగుతుంది

కంచెలో లాగుడంతా మోసేది మూల స్తంభం. మధ్యవి ఊరికే నిలబడి ఉంటాయి. మూలకు రెండు సపోర్టులు కావాలి, ఒక్కో వైపు కంచె వరసలోనే ఒక్కోటి. చాలామంది మేస్త్రులు ఖర్చు తగ్గించడానికి మూల లోపలికి, రెండు వరసల మధ్యన ఐమూలగా ఒకటే పెడతారు. అలా పెట్టినది ఏ వైపు లాగుడునూ సరిగ్గా ఆపదు. సపోర్టు పై కొస స్తంభం ఎత్తులో ముప్పావు వంతు దగ్గర ఆనాలి, కింది కొస తన సొంత కాంక్రీటు గుంతలో ఉండాలి. ఉత్త మట్టిలో గుచ్చిన సపోర్టు మొదటి వానకే దిగబడుతుంది. పొడుగు వైపు మధ్యలో కూడా ఒక స్తంభానికి రెండు పక్కలా సపోర్టులిస్తే, ఎప్పుడైనా జాలీ తెగినా సగంలో ఆగుతుంది.

జాలీ లాగడం ఇలా. ముందు మూడు లైన్ వైర్లు (కింద, మధ్య, పైన) మూల నుంచి మూలకు పుల్లరుతో (తీగ బిగించే పనిముట్టు) బిగించాలి. జాలీ చివరి కన్నుల వరసలోంచి 5 అడుగుల ఇనుప ఫ్లాట్ (25 × 3 మిల్లీమీటర్ల పట్టీ) నిలువుగా దూర్చి, ఆ ఫ్లాట్‌ను మూల స్తంభానికి నాలుగు చోట్ల కట్టాలి. రెండో కొసన కూడా ఫ్లాట్ దూర్చి పుల్లరుతో లాగాలి. ఫ్లాట్ లేకుండా కన్నులను పట్టుకుని లాగితే ఆ రెండు మూడు కన్నులే సాగుతాయి, మిగతా జాలీ వదులుగానే ఉంటుంది. సరిగ్గా బిగిసిందో లేదో తెలియాలంటే పక్క పక్క తీగలు రెండింటిని గుప్పిట్లో పట్టి నొక్కండి. కొద్దిగా దగ్గరకు వచ్చి ఆగిపోవాలి, తేలిగ్గా కలిసిపోతే ఇంకా లాగాలి. తర్వాత ప్రతి ఒకటిన్నర అడుగుకూ లైన్ వైరుకు కట్టుతీగ వేయాలి.

రెండు చుట్టలు కలిపే చోట కట్టుతీగతో కుట్టనివ్వకండి. ఒక చుట్ట చివరి తీగ పై మెలికా కింది మెలికా విప్పి, మరమేకులా తిప్పుతూ పైకి లాగితే ఒక్క తీగ ఊడి వస్తుంది. రెండు చుట్టల అంచులు దగ్గర పెట్టి, అదే తీగను తిప్పుతూ రెండింటి కన్నుల్లోంచి దింపితే అతుకు ఎక్కడుందో కూడా కనబడదు. పది నిమిషాల పని.

బెడ్ ఎందుకంటే

పంది కంచె మీదికి ఎక్కదు, కిందినుంచి తోస్తుంది. కుక్క తవ్వుతుంది. అందుకని స్తంభాల మధ్య 6 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం కాంక్రీటు, సగం నేలలో సగం పైన. తడి మీద ఉండగానే ప్రతి రెండడుగులకు 6 మిల్లీమీటర్ల కమ్మీని కొక్కెంలా వంచి గుచ్చి, కింది లైన్ వైరు దానికి కట్టేయండి. జాలీ అంచు బెడ్‌కు అంగుళం పైన ఉండాలి, మట్టిలో పూడ్చకూడదు, పూడ్చిన అంచే ముందు తుప్పు పడుతుంది. ప్రతి స్తంభం దగ్గర బెడ్‌ను విడగొట్టండి, నల్లరేగడిలో ఏకంగా పోస్తే తనకు తోచిన చోట పగులుతుంది. పల్లపు వైపు నీరు పోవడానికి 2 అంగుళాల పైపు ముక్కలు నేల మట్టానికి పెట్టండి.

మిగతావి ఎందుకు వద్దన్నానంటే

ముళ్ల తీగ: ఐదు వరసలు, ప్రతి గడిలో ఇంటూ ఆకారంలో రెండు. 12 గేజి తీగ కిలోకు 30 నుంచి 35 అడుగులు వస్తుంది, మీకు 90 కిలోల లోపు. గేటుతో కలిపి 82 వేలు. పొలానికి ఇదే సరైనది, గేదెలనూ ఆపుతుంది. పెరట్లో చిన్నపిల్లలూ కోళ్లూ తిరుగుతుంటే వద్దు.

రెడీమేడ్ పలకల గోడ: గాడి ఉన్న స్తంభాల మధ్య 7 అడుగుల పొడవు, అడుగు ఎత్తు పలకలు ఒకదాని మీద ఒకటి దింపుతారు. 6 అడుగుల ఎత్తుకు చదరపు అడుగు 95 వేసుకున్నా 2,18,880, గేటు కాక. రెండు రోజుల్లో లేస్తుంది, లోపలికి చూపు ఆనదు, ఇవి మంచివే. ఇబ్బంది ఎక్కడంటే, జాలీకి గాలి దాటిపోతుంది, దీనికి మొత్తం తగులుతుంది. ఆ తోపునంతా స్తంభం అడుగున ఉన్న గుంతే ఆపాలి. నల్లరేగడిలో రెండడుగుల గుంతలో నిలిపిన పలకల గోడలు వరసగా ఒరగడం మామూలే. ఒక వైపు మట్టి పోసి మెరక చేసినా, నీళ్లు నిలిచినా ఇంకా త్వరగా ఒరుగుతాయి, ఇది మట్టిని ఆపే గోడ కాదు. వేయిస్తే గుంత మూడడుగులు ఉండాలని కాగితం మీద రాయించుకోండి. పై పలక మీద సిమెంటుతో పట్టీ వేయించండి, లేకపోతే పలకలు పైకి లాగి తీసుకుపోవచ్చు.

సిమెంటు బ్లాకు గోడ: 5 అడుగుల ఎత్తుకు 16 × 8 అంగుళాల బ్లాకులు విరుగుళ్లతో కలిపి 2,100. బ్లాకులు చవకే, డబ్బు పోయేది కిందికి. మీ నేలలో 10 అడుగులకో పిల్లరు, నాలుగడుగుల లోతు పునాది, కింద బీము లేకుండా కట్టకూడదు. ప్రతి 40, 50 అడుగులకు జంట పిల్లర్లు పెట్టి గోడను విడగొట్టాలి. అడుగుకు 1,200 వేసుకుంటే 4,60,800.

రోడ్డు వైపు మాత్రం గోడ కావాలనిపిస్తే ఆ 54 అడుగులకు మాత్రమే కట్టించి, మిగతా మూడు వైపులా జాలీ వేసుకోవచ్చు. అదనంగా 48, 49 వేలు. డబ్బు సర్దుబాటైతే ఇది చాలా మంచి పద్ధతి. ముందు మూడు వైపులూ జాలీ పూర్తి చేసి, ముందు వైపు ఇప్పటికి పాత దడి ఉంచి, వచ్చే ఏడు గోడ కట్టుకున్నా తప్పులేదు.

వేశాక చేయకూడనివి

జాలీకి ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టొద్దు. లోపలికి కనబడకుండా ఉంటుందని చాలామంది కడతారు. జాలీ నిలబడేదే గాలి దాటిపోతుంది కాబట్టి. నెట్ కట్టిన రోజు నుంచి అది తెరచాప. వేసవి చివర్లో వచ్చే ఈదురుగాలికి ఒక వైపు మొత్తం పడుకుంటుంది. చిక్కుడు, దొండ పాదులు దట్టంగా అల్లుకున్నా అంతే, పైగా తడి ఆరక జాలీ తుప్పు పడుతుంది. పాదులకు పందిరి విడిగా వేసుకోండి.

చాటు కావాలంటే కంచెకు రెండడుగులు లోపలగా వాక్కాయ, గోరింట, వావిలి నాటండి. వావిలిని మేకలు ముట్టవు. వాక్కాయకు ముళ్లుంటాయి, కాయ పచ్చడికి వస్తుంది. ఒకటిన్నర అడుగుల దూరంలో రెండు వరసలు, ఒక వరస మొక్కల సందుల్లో రెండో వరస మొక్క వచ్చేలా. మొదటి రెండేళ్లు కొసలు కత్తిరిస్తూ పోతే అడుగు నుంచీ గుబురు కడుతుంది. కత్తిరించకపోతే కింద బోసిగా, పైన మాత్రమే ఆకు. మీ పెరడంతా చుట్టి నాటితే 500 పైన మొక్కలు కావాలి, అందుకని రోడ్డు వైపుతో మొదలుపెట్టండి.

ఇంకోటి, మీరు అడగకపోయినా చెప్పాలి. పందుల కోసం కంచెకు ఇంటి కరెంటు తగిలించడం ఎంత మాత్రం చేయకండి, ఎవరు సలహా ఇచ్చినా వినకండి. 230 వోల్టుల కరెంటు ఉన్న తీగ పట్టుకున్న మనిషిని వదలదు. చనిపోయేది పంది కాదు, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లినవాళ్లు, బంతి కోసం వచ్చిన పిల్లలు. అది నేరం కూడా. సోలార్ కంచె వేరు, అందులో ప్రత్యేక యంత్రం క్షణకాలం పాటు తుంపులు తుంపులుగా షాకు ఇస్తుంది, అది అడవి పక్క పొలాలకు. మీ పెరటికి బెడ్, బిగుతైన కింది తీగ చాలు.

డబ్బు ఇచ్చే వరస కూడా రాసిపెట్టుకోండి. సరుకు మీరే కొని, కూలి మాత్రం అప్పజెప్పడం మంచిది. గుంతలు కొలిచి చూశాక కొంత, స్తంభాలు నిలిచాక కొంత, జాలీ లాగాక కొంత. చివరి నాలుగైదు వేలు మాత్రం మొదటి గట్టి వాన వెలిశాక, మూల స్తంభాలకు తూకం గుండు వేలాడదీసి చూసుకున్నాకే ఇస్తామని పని మొదలు కాకముందే చెప్పండి.